కొత్త డిస్కు పూల్‌లోకి వద్దు

ఆమధ్య ఒక శనివారం 4 టెరాబైట్ల హార్డుడిస్కు కొన్నాను. ఇంట్లో సర్వరు నిండిపోవస్తోంది మరి. సర్వరంటే పెద్దగా ఊహించుకోకండి, పాత డెస్క్‌టాప్ డబ్బా, చెప్పుల స్టాండు పక్కన ఉంటుంది. అందులో 4 టెరాబైట్ల డిస్కులు మూడు, జెడ్‌ఎఫ్‌ఎస్‌లో రెయిడ్‌జెడ్1గా కట్టినవి. మూడింటిలో ఏ ఒక్కటి పోయినా డేటా పోదు. వాడుకోడానికి సుమారు 8 టెరాబైట్లు, అందులో ఆరున్నర నిండింది. ఇంకో డిస్కు పడేస్తే సరి అనుకున్నాను. డబ్బా నిండితే ఇంకో డబ్బా కొనడమే తప్ప సర్దడం తెలీదని మా ఆవిడ అంటుంది. అది వేరే గొడవ.

రాత్రి పదకొండింటికి డిస్కు బిగించి జెడ్‌పూల్ యాడ్ కమాండు కొట్టాను. వెంటనే అడ్డుపడింది. పూల్ చూస్తే రెయిడ్‌జెడ్, నువ్విచ్చేదేమో ఒంటి డిస్కు, రెండింటికీ పొంతన లేదు, అయినా కావాలంటే మైనస్ ఎఫ్ పెట్టుకో అని దాని సారాంశం. చెప్పొద్దూ, వేలు మైనస్ మీదకి వెళ్ళిపోయింది. ఏళ్ళ తరబడి ఆఫీసులో చేస్తున్న పని అదేగా. ఏ హెచ్చరిక వచ్చినా ముందు ఫోర్స్ కొట్టడం, ఆ తర్వాత చదవడం.

ఆ రాత్రి కొట్టి ఉంటే ఏమయ్యేదో తెలీనివాళ్ళ కోసం చెబుతాను. కొత్త డిస్కు ఆ మూడింటి జట్టులో చేరదు, వాటి పక్కన తనొక్కతే ఒక జట్టుగా నిలబడుతుంది. పూల్ ఆ రెండు జట్ల మీదా డేటా పరచడం మొదలెడుతుంది. ఇక ఆ ఒంటి డిస్కు ఎప్పుడు పోతే అప్పుడు మొత్తం పూల్ పోయినట్టే, మిగతా మూడూ బంగారంలా ఉన్నా సరే. పోనీ పొరపాటైందని వెనక్కి తీద్దామా అంటే, రెయిడ్‌జెడ్ ఉన్న పూల్‌లోంచి అలా చేర్చిన డిస్కుని తీసేసే వీల్లేదు. చెరువులో బిందెడు నీళ్ళు పోసి ఆ నీళ్ళే మళ్ళీ ముంచుకుంటానంటే కుదురుతుందా? డేటా అంతా ఇంకో చోటికి ఎత్తి, పూల్ కొట్టేసి మళ్ళీ కట్టుకోవాలి. ఆ ఇంకో చోటే ఉంటే ఈ బాధ దేనికి!

ఇంత పెద్ద తప్పుకి ఒక్క అక్షరం తాళం చాలదని నా అభిప్రాయం. "ఈ డిస్కు పోతే నా పూల్ అంతా పోతుంది, ఒప్పుకుంటున్నాను" అని పూర్తిగా టైపు చేయించాలి. నిజానికి జాగ్రత్తపడే దారులు లేకపోలేదు. యాడ్‌కి మైనస్ ఎన్ పెడితే ఏమీ చెయ్యకుండా ఫలితం ఎలా ఉంటుందో చూపిస్తుంది. ముందుగా జెడ్‌పూల్ చెక్‌పాయింట్ పెట్టుకుంటే, తప్పు చేసినా పూల్‌ని ఆ క్షణానికి వెనక్కి తిప్పొచ్చు. కానీ రాత్రి పదకొండింటికి ఇవన్నీ ఎవడికి గుర్తుంటాయి చెప్పండి :-)

సరే, నాకు కావలసింది యాడ్ కాదు, అటాచ్. 2005లో ఓపెన్‌సోలారిస్‌లో బయటికొచ్చిన జెడ్‌ఎఫ్‌ఎస్‌లో, ఉన్న రెయిడ్‌జెడ్‌కి ఒక్క డిస్కు చేర్చి పెంచుకునే సౌకర్యం దాదాపు 20 ఏళ్ళ పాటు లేదు. కంపెనీలు డిస్కులు డజన్ల లెక్కన కొంటాయి కాబట్టి వాటికి ఆ లోటు పెద్దగా తెలీలేదు. జీతంలోంచి ఏడాదికో డిస్కు కొనే మనలాంటివాళ్ళకే తెలిసింది. 2025 జనవరిలో ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3తో అది వచ్చింది. రాసింది మాట్ ఆరెన్స్, మొదట్లో సన్ కంపెనీలో జెడ్‌ఎఫ్‌ఎస్‌ని పుట్టించినవాళ్ళలో ఒకడు. ఇప్పుడు జెడ్‌పూల్ అటాచ్‌లో ఆ రెయిడ్‌జెడ్ జట్టు పేరు చెప్పి కొత్త డిస్కు ఇస్తే, పూల్ నడుస్తూ ఉండగానే డేటాని నాలుగు డిస్కులమీదకీ సర్దుతుంది. పాత ఫైళ్ళు మాత్రం పాత లెక్కలోనే, రెండు పాళ్ళ డేటాకి ఒక పాలు పారిటీ చొప్పున ఉండిపోతాయి. వాటిని తిరగరాస్తేగానీ పూర్తి జాగా కలిసిరాదు. ఇంకో సంగతి, డిస్కులు నాలుగైనా ఓర్చుకోగలిగేది ఒక్క డిస్కు చావునే.

మంచి పని, ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన పని. అయినా నేను అటాచ్ కూడా కొట్టలేదు. ఎందుకో చెప్పాలంటే మా బావమరిది సంగతి చెప్పాలి.

వాళ్ళది విజయవాడ సింగ్‌నగర్, కింది వాటా. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు ఆ పేటంతా మునిగింది కదా. మనుషులు క్షేమంగా పైకి వెళ్ళిపోయారు, అదొక్కటే మేలు. నీళ్ళు తీశాక ఫోను చేసి, "మూడు కాపీలు పెట్టాను బావా, మూడూ ఒకే బీరువాలో" అన్నాడు. ల్యాప్‌టాప్, బయటి హార్డుడిస్కు, డీవీడీల కట్ట, అన్నీ కింద అరలోనే. వాడి పెళ్ళి, పిల్లల బారసాలలు అందులోనే ఉన్నాయి. ఇంతకీ మావాడు కంప్యూటర్లు తెలీనివాడేం కాదు, డేటాబేసులు చూసుకునే ఉద్యోగం. ఆఫీసులో ఒక ఊళ్ళో డేటా సెంటరు ఉంటే డీఆర్ ఇంకో ఊళ్ళో ఉండాలని పట్టుబట్టేవాడు.

మనందరం అంతే. ఆడిటరు అడుగుతాడని ఆఫీసులో అన్నీ చేస్తాం, ఇంట్లో అడిగేవాడు లేడు. నా రెయిడ్‌జెడ్ మాత్రం ఏం గొప్ప? మూడు డిస్కులూ ఒకే డబ్బాలో, ఒకే పవర్ సప్లయి మీద, ఒకే కప్పు కింద. పవర్ సప్లయి కాలి వోల్టేజి ఎక్కువైతే అన్నీ కలిసే పోతాయి. నేనే ఒక పిచ్చి స్క్రిప్టు రాసి ఫోల్డరు చెరిపేస్తే, ఆ చెరపడాన్ని మూడు డిస్కులూ ఎంతో విధేయంగా పాటిస్తాయి. స్నాప్‌షాట్లు ఉన్నాయిగా అంటారేమో. ఉన్నాయి, అవీ ఆ డబ్బాలోనే ఉన్నాయి. రెయిడ్ బ్యాకప్ కాదని ఈ రంగంలో ప్రతివాడూ అంటాడు, నేనూ పదిమందికి చెప్పాను. తీరా కొత్త డిస్కు చేతికొచ్చేసరికి దాన్ని తీసుకెళ్ళి రెయిడ్‌లోనే పెట్టబోయాను.

మర్నాడు కూర్చుని ఆ ఆరున్నర టెరాబైట్లలో ఏముందో చూశాను. సిగ్గుచేటు. ఎప్పుడూ చూడని సినిమాలు, 2011 నాటి లినక్స్ ఐసోలు, వదిలేసిన ఉద్యోగాల వర్చువల్ మెషీన్లు. ఒకే ఫోను బ్యాకప్ అయిదు సార్లు. పోతే మళ్ళీ దొరకనివి మాత్రం 600 గిగాబైట్లు తేలాయి. అమ్మా నాన్నల ఫొటోలు, పిల్లల వీడియోలు, ఇంటి కాయితాల స్కాన్లు. వాటిలో ఒక వేవ్ ఫైలు, 476 మెగాబైట్లు. నాన్న హార్మోనియం పెట్టుకుని పాడిన పద్యాల కేసెట్టు, ఒక వైపు, 45 నిమిషాలు. 2009లో కంప్యూటర్లోకి ఎక్కించాను. ఆ కేసెట్టుకి తర్వాత బూజు పట్టింది. నాన్న ఇప్పుడు లేరు.

ఇదంతా చూశాక నాకు అర్థమైన లెక్క ఇది. పూల్‌లో చేరిస్తే ఆ డిస్కు నాకిచ్చేది ఇంకో 4 టెరాబైట్ల చెత్త పోసుకునే జాగా. విడిగా ఉంచితే ఆ 600 గిగాబైట్లకి రెండో కాపీ, అదీ ఇంకో ఊళ్ళో. ఇంటి సర్వరు ఉన్న ప్రతివాడూ, బయట ఒక కాపీ ఉండేదాకా, కొత్తగా కొన్న ఏ డిస్కునీ పూల్‌లో పెట్టకూడదని నేనంటాను. కాపీ ఉన్నవాళ్ళు హాయిగా అటాచ్ చేసుకోండి, కాదనను. కాకపోతే ముందు పూల్‌ని ఒకసారి స్క్రబ్ చెయ్యండి. కొత్త డిస్కుకి స్మార్ట్ పరీక్ష పూర్తిగా చెయ్యండి, ఒకసారి మొత్తం రాసి చూడండి. సెకనుకి 150 మెగాబైట్ల వేగంతో 4 టెరాబైట్లు రాయడానికి ఏడున్నర గంటలు, రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి అయిపోతుంది. డిస్కుని ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అనే పేర్లతో పిలవకండి, అవి రీబూటుకోసారి మారొచ్చు. సీరియల్ నంబరుండే బై-ఐడీ పేరు వాడండి.

క్లౌడ్ ఉందిగా అనేవాళ్ళకి ఒక మాట. ఉంది, నేనూ వాడతాను. కానీ గూగుల్ ఫొటోస్ వాళ్ళ ఉచిత అపరిమిత జాగా 2021 జూన్ 1తో ఆగిపోయాకే మనలో చాలామందికి సొంత సర్వరు గుర్తొచ్చింది. నెలనెలా కట్టేది ఏదో ఒకనాడు కార్డు గడువు తీరి ఆగిపోతుంది, మనం లేకపోతే అసలే ఆగిపోతుంది. సెకనుకి 50 మెగాబిట్ల లైను మీద ఆరున్నర టెరాబైట్లు ఎక్కించాలంటే ఆగకుండా 12 రోజులు. అదే 600 గిగాబైట్లయితే 27 గంటలు. అంటే ముందు సర్దుకుంటే క్లౌడూ పనికొస్తుంది. ఈ ఏడాది ఫొటోల వరకూ అక్కడ పెట్టి, మొత్తం కాపీ డిస్కు మీద పెట్టుకున్నాను.

కొత్త డిస్కు మీద విడిగా ఒక చిన్న పూల్ కట్టి, పాస్‌వర్డుతో ఎన్‌క్రిప్ట్ చేసి, స్నాప్‌షాట్ తీసి జెడ్‌ఎఫ్‌ఎస్ సెండ్, రిసీవ్‌లతో పంపాను. పాస్‌వర్డు కాయితం మీద రాసి మా ఆవిడకి ఇచ్చాను. అది నా బుర్రలోనే ఉంటే కాపీ ఉండీ లేనట్టే. సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు డిస్కు తీసుకెళ్ళాను. అమ్మ ఉండేది పైవాటాలో.

"ఎక్కడ పెట్టమంటావురా దీన్ని, పూజ గదిలోనా?" అంది.

ట్రంకుపెట్టెలో చీరల మధ్య పెట్టమన్నాను. పెట్టేముందు నా ల్యాప్‌టాప్‌కి తగిలించి, నిజంగా తెరుచుకుంటుందో లేదో చూద్దామని నాన్న ఫైలు తీశాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి వింది. రెండో పద్యం అయ్యాక, "అక్కడ ఒక పాదం మింగేశారు మీ నాన్న, అప్పుడే చెప్పాను, ఒప్పుకోలేదు" అంది.

మళ్ళీ దసరాకి వెళ్ళినప్పుడు కొత్త స్నాప్‌షాట్లు ఎక్కించాలి. ఈలోగా పాత ఐసోలు, వర్చువల్ మెషీన్లు తీసేస్తే సర్వరులో టెరాబైటున్నర ఖాళీ అయింది. నాలుగో డిస్కు గూడు ఇంకా అలాగే ఉంది. మా బావమరిదికి మొన్న ఒక డిస్కు కొనిచ్చాను, వాడి కాపీ మా ఇంటికి పంపుతానన్నాడు. ఇంకా రాలేదు.