అరిచిందెవరు? సంతకం పెట్టిందెవరు?

"చదువొస్తే ఇవన్నీ పోతాయి మేడమ్!"

నంద్యాలలో ఒక మహిళా సమావేశంలో, చేతబడి నెపంతో జరిగే హింస గురించి నేను మాట్లాడాక ఒక ఉపాధ్యాయుడు అన్నమాట ఇది. మర్నాడు ఆళ్లగడ్డ బస్సు కిటకిటలాడుతున్నా ఒక ముసలామె పక్క సీటు ఖాళీగా ఉంది. నా పక్కనామె గొంతు తగ్గించింది: "ఆయమ్మ చెడుపు చేస్తాదంట." ఎప్పటి నుంచి అని అడిగాను. "మొగుడు పోయినాక పొలంలో భాగం అడిగింది గదా, అప్పటినుంచి."

భాగం అడగడం ముందు, చెడుపు తర్వాత. దీన్ని మూఢనమ్మకం అని పిలిచి మనం చేతులు దులుపుకుంటున్నాం. నమ్మకం ఉన్నమాట నిజమే. ఆ నమ్మకాన్ని ఎవరి మీదికి, ఎప్పుడు తోలాలో నిర్ణయించేది మాత్రం అధికారం.

చదువు సంగతే చూద్దాం. 1692లో అమెరికాలోని సేలం. అక్కడి ప్యూరిటన్లు కఠిన మతనిష్ఠ గల క్రైస్తవులు, బైబిలు చదవాలని పిల్లలకు అక్షరాలు నేర్పినవాళ్లు. ప్రధాన న్యాయమూర్తి స్టౌటన్ హార్వర్డ్‌లో చదివినవాడు. మంత్రగత్తెల పేరుతో ఆ కోర్టు ఉరితీయించిన 19 మందిలో 14 మంది స్త్రీలు. నేరం ఒప్పుకున్నవారు బతికారు, "నేను కాదు" అన్నవారు ఉరికంబం ఎక్కారు.

మొదట పట్టుకున్నదెవరిని? బానిస టిటుబాను, బిచ్చమెత్తుకునే సారా గుడ్‌ను, మొదటి భర్త ఆస్తి తగాదాలో ఉన్న సారా ఆస్బర్న్‌ను. మెలికలు తిరిగి అరిచింది ఆడపిల్లలే. అయితే ఫిబ్రవరి 29న అధికారుల ముందు ఫిర్యాదు చేసింది నలుగురు మగవాళ్లు. వారిలో ఒకడు థామస్ పుట్నం, అరిచిన పన్నెండేళ్ల ఆన్‌కు తండ్రి.

"ఆడదానికి ఆడదే శత్రువు" అనేవారికి నా జవాబు ఇదే. మామూలప్పుడు నోరెత్తలేని పిల్ల మాట పూనకంలో ఉన్నప్పుడే ఊరు వింటుంది. అప్పుడు కూడా పెద్దలకు పనికొచ్చే పేరే చెల్లుతుంది. ఆరోపణలు గవర్నరు భార్య దాకా పాకాక, ఆ అక్టోబరులో గవర్నరు ఆ కోర్టునే రద్దు చేశాడు!

మన దగ్గర మాత్రం? తెలంగాణలో బాణామతి ముద్ర వేసి, మంత్రం పలకకుండా పళ్లు ఊడగొట్టారు. 2022 జనవరిలో జగిత్యాలలో తండ్రినీ ఇద్దరు కొడుకులనూ మంత్రాల నెపంతో చంపింది నలుగురూ కూడిన కులసంఘం సమావేశంలోనే. మగవాళ్లూ బలవుతున్నారు. కానీ తోడులేని స్త్రీ మీద ఈ ముద్ర వేయడం మరీ తేలిక, ఎందుకంటే అడిగేవారుండరు.

బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో ప్రత్యేక చట్టాలు చేశాయి. మనకూ చట్టం కావాలి. అది నిందవేసిన నోటితో ఆగకూడదు, ఆ నిందతో లాభపడిన చేతినీ పట్టుకోవాలి. ప్రతి ఆరోపణ దగ్గరా మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆమె పొలం ఇప్పుడు ఎవరి సాగులో ఉంది?

1706లో ఆన్ పుట్నం చర్చిలో అందరి ముందు నిలబడి క్షమాపణ కోరింది. స్టౌటన్ చచ్చేదాకా కోరలేదు. అరిచిన పిల్ల సిగ్గుపడింది, తీర్పు చెప్పినవాడు పడలేదు.

ఆళ్లగడ్డ బస్సులో లేచి వెళ్లి ఆ ముసలామె పక్కన కూచున్నాను. అది చాలదని నాకు తెలుసు. ఆమె భాగం కాగితాలు పట్టుకుని తహసీల్దారు ఆఫీసు దాకా ఆమెతో నడిచే పదిమంది ఆడవాళ్లు ఆ ఊళ్లోనే కావాలి. మన సంఘాల పని అక్కడ మొదలవ్వాలి.