డ్యూటీ చార్టులో లేని ఇల్లు

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పోలీసు ఇంటి పండగలు మన పండగలకు తలకిందులు. వినాయక చవితి వస్తే కాణిపాకంలో 21 రోజుల బ్రహ్మోత్సవాలు. అవి ముగిసీ ముగియకముందే తిరుమల బ్రహ్మోత్సవాలు. గరుడ సేవ నాటికి చుట్టుపక్కల జిల్లాల నుంచి కూడా బలగాలు దిగుతాయి. తర్వాత వైకుంఠ ఏకాదశి, దాని వెనకే సంక్రాంతి, రథసప్తమి, శ్రీకాళహస్తిలో శివరాత్రి, ఎండల్లో తిరుపతి గంగమ్మ జాతర, కుప్పంలో మరో జాతర. ఇవి చాలవన్నట్టు దేశంలో ఏ పెద్దమనిషికి మొక్కు గుర్తొచ్చినా రేణిగుంట విమానాశ్రయం నుంచి అలిపిరి దాకా రోడ్డు పొడవునా ఖాకీ నిలబడాలి. జనం పెళ్లాంబిడ్డలతో గుడికి వచ్చే రోజున, వాళ్లకు దారి చూపే కానిస్టేబుల్ పెళ్లాంబిడ్డలు ఆయన లేకుండా పండగ చేసుకుంటారు.

ఈ ఉద్యోగుల అలసట గురించి మాట రాగానే మన అధికారులు ఒక యోగా శిబిరం పెడతారు. లేకుంటే ఒత్తిడిని జయించడం ఎలా అని ఓ సదస్సు. యోగా మీద నాకే కోపమూ లేదు. కానీ పన్నెండు గంటలు నిలబడి వచ్చినవాణ్ని మరో గంట కూర్చోబెట్టి ఊపిరి పీల్చడం నేర్పితే తీరే అలసట కాదిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌ఔట్‌ను నిర్వచిస్తూ దాన్ని జబ్బుల్లో చేర్చలేదు, పని వల్ల పుట్టే పరిస్థితిగానే పేర్కొంది. ఒంట్లో సత్తువ లేకపోవడం, చేసే పని మీద విరక్తి, నా వల్ల ఏమీ కావడం లేదన్న భావన దాని మూడు లక్షణాలు. పనిలో పుట్టినదానికి మందు పనిలోనే వెతకాలి. అంటే డ్యూటీ చార్టులో.

అక్కడేముందో చూడండి. 2014లో పోలీసు పరిశోధన అభివృద్ధి సంస్థ కోసం హైదరాబాద్‌లోని ఆస్కీ సంస్థ దేశవ్యాప్తంగా అధ్యయనం చేసింది. స్టేషన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకు ఎనిమిది గంటలకు మించి పనిచేస్తున్నారని, దాదాపు మూడొంతుల మందికి నెలకు ఒక్క వారపు సెలవైనా దక్కడం లేదని తేలింది. ఐదేళ్ల తర్వాత కామన్ కాజ్, లోక్‌నీతి సంస్థలు కలిసి వెలువరించిన నివేదిక పోలీసుల సగటు పనిదినం 14 గంటలని లెక్కగట్టింది. దీనికి చట్టం అండ కూడా ఉంది. 1861 నాటి పోలీసు చట్టం 22వ సెక్షన్ ప్రకారం పోలీసు ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే లెక్క. సిపాయిల తిరుగుబాటు లేచిన నాలుగేళ్లకు తెల్లదొర రాసుకున్న మాట అది. ఆ దొర లెక్కలో సిపాయికి ఇల్లు లేదు.

ఇల్లు మాత్రం ఉంది. రాత్రి డ్యూటీ ముగించి పొద్దున్నే క్వార్టర్స్‌కు వచ్చిన మనిషి బూట్లు విప్పి మంచం మీద ఒరుగుతాడు. బిడ్డల్ని బడికి తయారుచేస్తున్న ఇల్లాలు గొంతు తగ్గించుకుంటుంది, కుక్కర్ విజిల్ రాకముందే స్టవ్ కట్టేస్తుంది. ఫోను మాత్రం సైలెంట్‌లో పెట్టడానికి లేదు, స్టేషన్ నుంచి పిలుపు రావచ్చు. “నాయన ఈ పొద్దన్నా ఉంటాడా?” అని బిడ్డ అడిగితే ఆమె దగ్గర జవాబుండదు, ఎందుకంటే ఆయన దగ్గరే లేదు. మహిళా కానిస్టేబుల్ ఇంట్లో ఈ బరువు రెండింతలు. బందోబస్తులో మరుగుదొడ్డి ఎంత దూరంలో ఉందో తెలియక నీళ్లు తాగడం మానేసే మనిషి ఆమె. ఇంటికి రాగానే వంటింటి డ్యూటీ మొదలు. బిడ్డను చూసుకునే అత్తో అమ్మో ఉంటే ఉద్యోగం నిలుస్తుంది. ఆ ముసలావిడకు ప్రభుత్వం ఒక్క రూపాయి జీతం ఇవ్వదు గానీ, నా లెక్కలో ఆమె పోలీసు శాఖ రిజర్వు సిబ్బందే.

ఈ ఇళ్లు ఒక్కసారి నోరు తెరిచాయి. 2024 అక్టోబరులో తెలంగాణ స్పెషల్ పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్ల భార్యలు బిడ్డల్ని చంకనేసుకుని రోడ్డెక్కారు. మా మొగుళ్లు ఇంటి పట్టున ఉండే పద్ధతి కావాలన్నారు, రాష్ట్రమంతటా ఒకే పోలీసు విధానం ఉండాలన్నారు. భార్యలే ఎందుకొచ్చారు? భర్తలు రాలేరు కాబట్టి. సంఘం పెట్టుకోవడానికీ, నిరసనల్లో పాల్గొనడానికీ పోలీసులకు 1966 నాటి చట్టం అడ్డం ఉంది. ఆ గొడవ చివరికి 39 మంది సస్పెన్షన్‌తో, ఆ వెంటనే పది మంది డిస్మిస్‌తో తేలింది. క్రమశిక్షణ అవసరమే, ఒప్పుకుంటాను. కానీ ఇల్లాలు అడిగిన ప్రశ్నకు భర్తను ఉద్యోగంలోంచి తీసేయడం జవాబెలా అవుతుంది?

పోలీసుల తర్వాత 108 అంబులెన్సుల సిబ్బందికి వద్దాం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సేవ సత్యం రామలింగరాజు ఈఎంఆర్‌ఐ నుంచి జీవీకేకు, ఆంధ్రప్రదేశ్‌లో తర్వాత బీవీజీకి, ఆపైన అరబిందోకు మారుతూ వచ్చింది. 2020 జులైలో 104 సంచార వైద్య బళ్లతో కలిపి వెయ్యికి పైగా కొత్త వాహనాలు విజయవాడ బెంజి సర్కిల్‌లో బారులు తీరాయి, జీతాలూ పెరిగాయి. సంస్థలు మారాయి, బండ్లు మారాయి, పన్నెండు గంటల షిఫ్టు మాత్రం మారలేదు. ఎనిమిది గంటల షిఫ్టు కోసం బండి నడిపే పైలట్లు, రోగిని చూసుకునే ఈఎంటీలు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు.

ఇందులో పెద్ద లెక్కలేమీ లేవు. వారానికి 168 గంటలు. ఫ్యాక్టరీ కార్మికుడికి చట్టం ఒప్పుకునేది 48 గంటలు. అలా చూస్తే రోజంతా తిరిగే ఒక్కో బండికి మూడున్నర జట్లు కావాలి. సెలవులు, జ్వరాలు కలిపితే నాలుగు. పన్నెండు గంటల పద్ధతిలో రెండు జట్లూ ఒక రిలీవరుతో నెట్టుకొస్తే, వారానికో సెలవు ఇచ్చినా మనిషికి 72 గంటలు పడుతుంది. ఆ 24 గంటల తేడాను ఎవరి ఇంట్లోంచి తీసుకుంటున్నారో వేరే చెప్పాలా? 2022 మార్చి 26 రాత్రి భాకరాపేట ఘాట్‌లో నిశ్చితార్థానికి వెళ్తున్న ధర్మవరం బస్సు లోయలో పడింది. అలాంటి రాత్రి కటిక చీకట్లో క్షతగాత్రుల్ని పైకి మోసినవాడు తర్వాత బండిలో నెత్తురు కడగాలి, స్ట్రెచర్ తుడవాలి, వెంటనే మరో కాల్ అందుకోవాలి. ఇంటికొచ్చి బిడ్డ ఎదురొస్తే దగ్గరికి రావద్దని చెయ్యి అడ్డం పెట్టి నేరుగా నీళ్లు పోసుకోవడానికి పోతాడు. చూసిందంతా భార్యతో చెప్పలేడు, చెప్పకుండా ఉండనూ లేడు. అట్లాంటి మనిషికి మర్నాడు సెలవివ్వడం దయ కాదు, నిబంధన కావాలి.

ఇదంతా వాళ్ల ఇంటి గొడవ, మనకెందుకు అనుకోవద్దు. 2025 జనవరి 8న తిరుపతి బైరాగిపట్టెడలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. ఎస్పీ బదిలీ అయ్యారు, డీఎస్పీ సస్పెండయ్యారు. ఊరంతా జనాన్ని ఆపి ఉంచిన గేటు ఎవరు తీశారన్న దాని మీదే మాట్లాడుకుంది. బాధ్యులను తేల్చాల్సిందే. అయితే ఇలాంటి ప్రతి విచారణలోనూ మరో ప్రశ్న కూడా ఉండాలి: గేటు దగ్గరున్నవాళ్లు ఎన్ని గంటల నుంచి నిలబడి ఉన్నారు, అంతకు ముందు ఎప్పుడు నిద్రపోయారు? అలసిన కళ్లు గుంపులో నలిగిపోతున్న ఆడమనిషిని ఆలస్యంగా చూస్తాయి.

డబ్బేదీ, మనుషులేరీ అంటారు. 2016లో ముంబై దేవనార్ స్టేషన్‌లో ఒక కానిస్టేబుల్ ఇచ్చిన ఆలోచనతోనే ఎనిమిది గంటల షిఫ్టు మొదలై, తర్వాత నగరంలోని మిగతా స్టేషన్లకు పాకింది. మన ఆంధ్రప్రదేశ్ కూడా 2019 జూన్‌లో పోలీసులకు వారపు సెలవు ప్రకటించి మెప్పు పొందింది. ఖాళీలు నింపకుండా ప్రకటించిన సెలవు ఎంతకాలం నిలుస్తుంది? నిలవలేదు. ముందు ఖాళీలు నింపాలి, సెలవు రిజర్వుకు విడిగా పోస్టులివ్వాలి, 108లో మూడో జట్టును ఒప్పందం షరతుల్లోనే రాయాలి.

అంతదాకా ఒక చిన్న పని చేయడానికి రూపాయి ఖర్చు లేదు. ప్రతి బందోబస్తు స్కీములోనూ ఎవరు ఏ పాయింట్‌లో ఎన్ని గంటలకు నిలబడాలో రాస్తారు కదా, వచ్చే బ్రహ్మోత్సవాల స్కీములో ఆ పక్కనే మరో గడి గీయండి: ఎవరు వచ్చి విడిపిస్తారు, ఎన్ని గంటలకు ఇంటికి పోవచ్చు. ఆ గడి ఖాళీగా ఉంటే ఎస్పీగారు సంతకం పెట్టకూడదు.