పరీక్షలేని చికిత్స

దత్తమండలముల ప్రధాన కలెక్టరుగా నుండి, పిమ్మట మద్రాసు గవర్నరైన సర్ తామస్ మన్రో 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో కలరాచే మరణించెను. ఆ వ్యాధిబీజ మెట్టిదో నాటి వైద్యులకు దెలియదు; కావున గవర్నరునైనను రక్షింపలేకపోయిరి. నేడు వ్యాధిబీజముల నెరుగు సాధనములు గలవు. అవి యుండియు, పరీక్ష జరుగనందున పత్తికొండ ప్రాంతపు రైతు మరణించినచో దానిని విధియని యెట్లనగలము?

క్యాన్సరు రోగులనుగూర్చి యీ ప్రశ్న వేయుచున్నాము. మన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనశాలనుండి వెలువడిన మెథోట్రెక్సేటు మొదలు క్యాన్సరు మందులలో పెక్కు, రోగముతోపాటు దేహరక్షకములగు తెల్లకణములను గూడ నశింపజేయును. మందెక్కించిన పిమ్మట సాధారణముగా 7 మొదలు 14 దినముల నడుమ నవి మిక్కిలి క్షీణించును. ఆరోగ్యవంతుని బాధింపని బూజులును, అణగియున్న క్షయయు అదను చూచి యూపిరితిత్తులలో విజృంభించును.

అప్పటికి రోగి స్వగ్రామము చేరియుండును. జ్వరము రాగానే ఊరిలో నొక సూది, రెండు మాత్రలు, అంతటితో సరి. తెల్లకణములు లేనప్పుడు ఎక్స్‌రేలో మచ్చ కానరాకపోవచ్చును. దానిని నమ్మి యూరకుండుట ప్రాణాపాయము. క్షయకు వాడు మందు బూజునకు బనికిరాదు. బూజుమందు క్షయకు బనికిరాదు. కావున రక్తపు కల్చరు, ఛాతీ సి.టి. స్కాను, బూజును గుర్తించు గాలక్టోమానన్ పరీక్ష, అవసరమైనచో ఊపిరితిత్తులను గడిగి తీసిన ద్రవముయొక్క పరీక్ష కావలెను. జీన్‌ఎక్స్‌పర్టు యంత్రము కఫమును బరీక్షించి, క్షయ యున్నదో లేదో, రిఫాంపిసిన్‌కు లొంగునో లేదో 2 గంటలలో దెలుపును. అయితే ఫలితమునకై మొదటి మందు నాపరాదు. మాదిరులు తీసి, వెంటనే చికిత్స మొదలిడి, ఫలితమునుబట్టి దిద్దుకొనవలెను.

మేము కోరునది స్వల్పము. మందెక్కించు ప్రతి వైద్యశాలయు, అపాయదినములును, 100.4 డిగ్రీల జ్వరము వచ్చినచో చేరవలసిన చోటును దెలుగులో వ్రాసిన చీటి రోగి చేతికీయవలెను. క్యాన్సరు మందునకు ధనమిచ్చు ప్రభుత్వము ఈ పరీక్షలకును నీయవలెను. పత్తికొండలో దీసిన మాదిరి నాడే కర్నూలు చేరునట్టి యేర్పాటు గావలెను. వాహనములుగల గ్రామపెద్దలు అర్ధరాత్రియైనను జ్వరపీడితుని వైద్యశాలకు జేర్ప ముందునకు రావలెను. అజ్ఞానమునకు నాడు మందు లేకుండెను. అలసత్వమునకు నేడు మన్నింపు లేదు.