తెరచాప పందెం దొరలదేనా?

తెరచాప పడవల పందెం అనగానే దొరల కాలక్షేపమని కొట్టిపారేయడం మామూలే. పుట్టుక చూస్తే ఆ మాటలో అబద్ధం లేదు. 1661లో ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్, ఆయన తమ్ముడు థేమ్స్ నదిలో గ్రీన్‌విచ్ నుంచి గ్రేవ్‌సెండ్‌కు, తిరిగి వెనక్కు నూరు పౌన్ల పందెం కాసి పడవలు నడిపారు. ఎదురుగాలికి పోతూ ఓడిన రాజు తిరుగు దారిలో పరువు దక్కించుకున్నాడు. బొంబాయిలో 1846లో వెలసిన యాట్ క్లబ్బు కూడా తెల్లదొరల కోసమే.

ఆ ఆటను సామాన్యుడి ముంగిట్లోకి తెచ్చింది ప్లైవుడ్. పిల్లలకు 50 డాలర్లు మించని పడవ కావాలని 1947లో అమెరికాలోని క్లియర్‌వాటర్ ఊరివారు కోరితే, క్లార్క్ మిల్స్ అనే పడవల పనివాడు రెండు ప్లైవుడ్ పలకలతో చేసిపెట్టాడు. పలక పొడవు ఎనిమిదడుగులు. పడవ అంతకు మించలేదు. ముందు భాగం కోసుగా ఉండదు. చూడబోతే నీళ్లతొట్టి! అదే ఆప్టిమిస్ట్. నేటికీ దేశదేశాల్లో పదిహేనేళ్ల వరకు పిల్లలు ఒంటరిగా తెరచాప, చుక్కాని పట్టి నేర్చుకునేది అందులోనే. 1962లో ఇంగ్లండులో డైలీ మిర్రర్ పత్రిక మరో అడుగు వేసింది. పలకలను రాగితీగతో కుట్టి, కుట్లను జిగురుతో మూసి పెరట్లో ఎవరికి వారే చేసుకోగల పడవను ప్రచారంలోకి తెచ్చింది. ఎర్ర తెరచాపల ఆ పడవలు డెబ్బై వేలు దాటాయి. పత్రికలు చేసిన మంచి పనుల్లో ఇదొకటి.

ఇక శ్రీకాకుళం తీరం సంగతి. తెప్పకు తెరచాప కట్టి, ఎదురుగాలిలో అటు కొంత ఇటు కొంత ఏటవాలుగా మలుపుకుంటూ ఒడ్డు చేరడం ఇక్కడి మత్స్యకారులకు తాతలనాటి విద్య. పందెపు పడవ నడిపేవాడు నేర్చుకోవలసిన ముఖ్యమైన పాఠమూ అదే. మోటార్లు వచ్చాక తెరచాపలు చాలావరకు దిగిపోయాయి. అందుకు ఎవరినీ తప్పుపట్టలేం. గాలి కోసం కాచుకు కూర్చుంటే పొట్ట గడవదు. విచారకరమైనది మరొకటుంది. ఆ విద్య తెలిసిన తాత ఇంట ఉండగానే మనవడు గుజరాత్‌లోని వెరావల్ బోట్లలో పనికి వలస పోతున్నాడు. అలా పోయినవారిలో కొందరు 2018లో పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరి దాకా జైల్లో మగ్గారు.

వేటకు పోయేవాడికి పందెం కూడు పెడుతుందా అన్న ప్రశ్న న్యాయమైనదే. సైన్యం, నౌకాదళం ఈ ఆటగాళ్లను తీసుకుంటున్నాయి. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన విష్ణు శరవణన్ సైనికుడే. అక్కడే రజతం తెచ్చిన పదిహేడేళ్ల నేహా ఠాకూర్ మధ్యప్రదేశ్‌లోని దేవాస్ జిల్లా రైతు బిడ్డ. సముద్రమే లేని రాష్ట్రం అది! ఆమె నేర్చింది భోపాల్‌లో. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లోనూ బస్తీ పిల్లలు ఆప్టిమిస్ట్‌లు నడుపుతూ జాతీయ పోటీల దాకా వెళ్లారు. చెరువు నీళ్లలో సాధ్యమైనది సముద్రపు ఒడ్డున ఎందుకు కాదు?

కళింగపట్నంలో వంశధార మొగకు ఎగువన, నీరు నిలకడగా ఉండేచోట క్రీడాశాఖ, మత్స్యశాఖ కలిసి ఒక శిక్షణ కేంద్రం పెట్టాలి. పోటీల్లో వాడే ఫైబర్ పడవ ధర ఇప్పుడు ఆ 50 డాలర్ల మాటను వెక్కిరించేలా ఉన్న మాట నిజమే. నేర్చుకోవడానికి మాత్రం ప్లైవుడ్ పడవ చాలు. కొలతలిస్తే ఊరి వడ్రంగులే చేస్తారు. అరడజను పడవలు, పిల్లలందరికీ లైఫ్ జాకెట్లు, వెన్నంటి ఉండే ఒక మోటారు పడవ, ఒక శిక్షకుడు ఉంటే పని మొదలవుతుంది. తుఫానుల అక్టోబరు, నవంబరు నెలల్లో సెలవివ్వాలి. శిక్షకుడికి తోడుగా, తెరచాప వేట ఎరిగిన ముసలి మత్స్యకారుడొకరిని జీతమిచ్చి పెట్టుకోవాలి.