నానో మందు పేరు విని పొలం అమ్మకండి

క్యాన్సరు తిరగబెట్టిన ఇంటివారు తరచుగా అడిగే ప్రశ్న: “డాక్టరు గారూ, నానో మందుతో తగ్గుతుందా?” అడిగేవారిలో కొందరు అప్పటికే పొలం బేరం పెట్టి ఉంటారు. అందుకే ఇది వ్రాస్తున్నాను.

మందుకు లొంగని క్యాన్సరు కణాలు కొన్నింటి పొరలో పి-గ్లైకోప్రొటీన్ అనే పదార్థం ఉంటుంది. లోనికి వచ్చిన మందును అది నీళ్ల పంపులా బయటకు తోడివేస్తుంది. మందును అతిసూక్ష్మమైన కొవ్వు బుడగలో పంపితే ఈ కాపలాను దాటవచ్చునని శాస్త్రజ్ఞుల ఆలోచన. గాజు పాత్రలోని కణాలపై ఇది చక్కగా ఫలించింది. కాని శరీరం గాజు పాత్ర కాదు గదా! జంతువులపై జరిగిన పదేళ్ల ప్రయోగాలను 2016లో సమీక్షించగా, ఎక్కించిన నానో కణాలలో కణితికి చేరేవి సుమారు 0.7 శాతమేనని తేలింది. కాలేయం, ప్లీహం చాలా భాగాన్ని పట్టివేస్తాయి.

అట్లని వీటిని తీసిపారవేయను. 1995లో అమెరికాలో అనుమతి పొందిన డాక్సిల్‌లో ఉన్నది పాత డాక్సోరూబిసినే. బుడగలో ఉన్నందున గుండెకు హాని బాగా తగ్గింది. ఆ పాత మందుతో గుండె నీరసించిన రోగిని చూసినవారికి ఈ మేలు విలువ తెలుస్తుంది. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొక్కడం మాత్రం దీనితో ఎక్కువ. ఇతర అవయవాలకు పాకిన రొమ్ము క్యాన్సరులో రెండింటినీ పోల్చి చూస్తే, ఆయుష్షులో చెప్పుకోదగిన తేడా కనబడలేదు.

కనుక మీ వైద్యుని అడగండి: “ఈ క్యాన్సరులోనే, మామూలు మందుతో పోల్చి, మనుషులపై పరీక్షించారా? ఆయుష్షు పెరిగిందా, బాధలు మాత్రమే తగ్గాయా?” డబ్బు మాట ఆ తరువాత. విదేశీ బ్రాండే కావాలని పట్టుబట్టకండి. 2012లో కొరత వచ్చినప్పుడు అమెరికాయే ఈ మందును మన దేశపు కంపెనీ నుండి తెప్పించుకొన్నది.