వీధికుక్క ఎవరిది?

మొన్న షాంటిలీలో ఓ పాట్‌లక్‌లో మిత్రుడొకడు "ఇక్కడ కుక్కలకి కూడా ఎంత డిసిప్లినో చూడరా!" అన్నాడు. ఒళ్ళు మండింది. డిసిప్లిన్ కుక్కది కాదు నాయనా, పెంచేవాడిది. మా ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో కుక్కకి నాలుగు నెలలు నిండితే రేబీస్ టీకా సర్టిఫికెట్ చూపించి లైసెన్సు తీసుకోవాలి. ఇచ్చేది ఎవరనుకున్నారు? టాక్స్ డిపార్ట్‌మెంటు! కరిస్తే ఎవరి తలుపు కొట్టాలో కాగితం మీద ఉంటుంది.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లాణ్ణి వీధికుక్కలు చంపేశాయి. వాళ్ళ నాన్న ఎవరి తలుపు కొట్టాలి?

"విషం పెట్టేస్తే సరి" అన్నాడు మా వాడు, బిర్యానీ తింటూ. చెత్తకుప్ప అక్కడే ఉంటే పక్కవీధి కుక్కలు రావూ? రూల్స్ లేకా? 2001లో ఒకసారి, 2023లో మళ్ళీ పెట్టారు. వీధికుక్కని పట్టుకుని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, ఆ వీధిలోనే వదలాలి. చెయ్యాల్సింది మునిసిపాలిటీలు, పంచాయతీలు. చేసినందుకు గుర్తుగా చెవి కొన కత్తిరిస్తారు.

పోయినసారి ఇండియా వెళ్ళినప్పుడు మా అమ్మావాళ్ళ వీధిలో లెక్కపెట్టాను. తొమ్మిది కుక్కలు, తెగిన చెవి ఒక్కటి. ఈసారి వెళ్ళినప్పుడు మీ వీధిలోనూ లెక్కపెట్టి, ఆ లెక్క మునిసిపల్ ఆఫీసులో కాగితం మీద రాసిచ్చి రండి.