ఏరిన పాటలు, ఏరని పాటలు

"రేడియోహెడ్ పాటలన్నీ వినడానికి టైమెక్కడిది మేడమ్? 'ది బెస్ట్ ఆఫ్' ఒక్కటి వింటే సరిపోదా?" అని పదకొండో తరగతి విద్యార్థి ఒకడు మమ్మల్ని అడిగాడు. తెలుగు టీచర్ని రాక్ బృందం గురించి అడగడం మాకు ముచ్చటగానే ఉంది. జవాబు మాత్రం వెంటనే తోచలేదు.

ఆ ఆల్బమ్ కథ తర్వాత తెలుసుకున్నాం. ఆ ఇంగ్లండు బృందం తన పాత కంపెనీని వదిలి, 2007లో 'ఇన్ రెయిన్‌బోస్'ను సొంతంగా విడుదల చేసింది. 2008లో ఆ పాత కంపెనీ, బృందం ప్రమేయం లేకుండానే, తన దగ్గరున్న పాటల్లోంచి కొన్ని ఏరి 'ది బెస్ట్ ఆఫ్' వేసింది. అందులో 'ఇన్ రెయిన్‌బోస్' పాట ఒక్కటీ లేదు. 1997 నాటి పాటలు ముందు వస్తాయి, 1992 నాటి 'క్రీప్' వాటి వెనక వస్తుంది. పాటలు మంచివే. ఆ బృందం ఎక్కడ మొదలై ఎటు నడిచిందో మాత్రం అందులో వినిపించదు.

అలాగని ఏరిన పాటలంటే మాకు చిన్నచూపు లేదు. ఎన్ని బదిలీలైనా మా ట్రంకుపెట్టెలో ఒక క్యాసెట్ మాతోనే వస్తోంది. ఇప్పుడు ఉన్‌లోని అద్దె ఇంటికీ వచ్చింది. నాన్నగారు కాగితం మీద పాటల పేర్లు రాసిచ్చి, రికార్డింగ్ షాపులో నింపించుకున్న ఘంటసాల పాటలవి. మేము 'మాయాబజార్' పడవ పాట మొదట విన్నది అందులోనే. అది ఒక జంట పాడుకునే ప్రేమపాట అనుకున్నాం. 1957 నాటి ఆ సినిమా చూశాకే తెలిసింది, పాట సాగుతుండగానే శశిరేఖా అభిమన్యులున్న పడవలోకి కృష్ణుడూ రుక్మిణీ వస్తారని. అందులోని కొంటెతనం క్యాసెట్‌లో వినిపించదు. కానీ ఆ క్యాసెట్ లేకపోతే మేము ఆ సినిమా దాకా వెళ్లేవాళ్లమే కాదు.

ఇక మా సంగతి. తెలుగు పాఠ్యపుస్తకమూ ఏరి కూర్చినదే. వారానికి దొరికే రెండు మూడు పీరియడ్లలో, పరీక్షల ముందు, అందులోంచి మళ్లీ ఏరి "ఇవి ముఖ్యం" అని గుర్తు పెట్టిస్తాం. గజేంద్రమోక్షం అలాగే ముగించాం. మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి సూరత్ వచ్చిన కుటుంబంలోని అమ్మాయి లేచి, "ఆ మొసలి ఎవరు మేడమ్? దానికేమైంది?" అంది. అది శాపం తగిలిన హూహూ అనే గంధర్వుడనీ, దానికీ విముక్తి దొరికిందనీ పోతన చెప్పాడు. మేము చెప్పలేదు. పరీక్షలో రాదు కదా!

ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో చదివే వీలు తక్కువగా ఉన్న ఈ పిల్లలకు మేమిచ్చే నాలుగు పద్యాలే మొత్తం తెలుగు అయిపోతే, ఆ తప్పు మాదే.

అందుకే మా అభిప్రాయం ఇది. ఏరిన సంపుటి గుమ్మం లాంటిది. గుమ్మం లేనిదే ఇంట్లోకి వెళ్లలేం, కానీ గుమ్మంలోనే కాపురం చేయలేం కదా. ప్రతి తరగతీ ఏడాదికి ఒక్క పుస్తకాన్నైనా మొదటి నుంచి చివరి దాకా చదవాలి. మార్కులు లేకపోయినా సరే.

మమ్మల్ని అడిగిన విద్యార్థికి మా జవాబు: 'ది బెస్ట్ ఆఫ్' విను నాయనా. అందులో నీకు బాగా నచ్చిన పాట ఏ ఆల్బమ్‌లోదో వెతికి, దాన్ని పూర్తిగా విను. ఆ తర్వాత నీ జాబితా నువ్వే రాసుకో, మా నాన్నగారిలాగా.